గొలుసు వేసి చూస్తే గోల్ఫ్ డ్రైవ్ ఫర్లాంగే

సంపాదకులు గారికి నమస్కారములు.

అయ్యా,

కొద్ది రోజుల క్రితం మీ పత్రిక క్రీడల పుటలో గోల్ఫ్ గురించి వచ్చిన ఒక చిన్న వ్యాసంలో, సరదాకు ఆడే మామూలు ఆటగాడు కూడా డ్రైవర్ అనే పొడవైన క్లబ్బుతో (కొట్టే కర్రతో) బంతిని 250 నుంచి 300 గజాల దూరం కొడతాడని రాశారు. అది చదివి మా మిత్రబృందంలో ఇద్దరు ఎంతో సంతోషించారు, ఎందుకంటే వారు ఎన్నేళ్ళుగానో తమ గురించి చెప్పుకుంటున్న మాట అదే. నా కన్ను మాత్రం ఆ అంకె దగ్గర ఆగిపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా భూముల సర్వేయరుగా పనిచేసి, గోదావరి పాయలకు ఇటూ అటూ ఉన్న ఊళ్ళలో గట్ల తగవులు తీర్చడానికి గొలుసు లాగించినవాణ్ణి కనుక, కొలవకుండా చెప్పిన గజాల మీద నాకు నమ్మకం తక్కువ. కొలిచి చెప్పినవారి లెక్కల ప్రకారం, ఔత్సాహికులుగా గోల్ఫ్ ఆడే పురుషుల సగటు డ్రైవ్ 250 గజాలు కాదు, 300 అసలే కాదు. అది 215కూ 225కూ నడుమ ఎక్కడో ఉంటుంది. మన పెద్దలు దారి చెప్పేటప్పుడు వాడిన ఫర్లాంగు అనే మాటకు సరిగ్గా 220 గజాలు అని అర్థం కాబట్టి, సగటు డ్రైవ్ ఒక ఫర్లాంగు అంటే సరిపోతుంది. ఈ సంగతిని కొంచెం వివరంగా రాయడానికి అనుమతించవలసిందిగా కోరుతున్నాను.

గోల్ఫ్ తెలియని పాఠకుల కోసం ఒక మాట. బంతి ఒక గుంటలో పడేదాకా ఆడే ఒక్కో విడతను హోల్ అంటారు. చాలా హోల్స్‌లో, ఆట మొదలయ్యే టీ అనే చోట చిన్న కొయ్యమేకు మీద బంతిని నిలబెట్టి, సంచిలో ఉన్నవాటిలో అన్నిటికన్న పొడవైన క్లబ్బుతో కొట్టే మొదటి దెబ్బను డ్రైవ్ అంటారు. ఆటలో ఎక్కువ దూరం పోయే దెబ్బ అదే, ఆట ముగిశాక టీ తాగుతూ ఎక్కువగా చెప్పుకునే దెబ్బ కూడా అదే.

కోనసీమలో గోల్ఫ్ ఏమిటని కొందరు నవ్వుకోవచ్చు. మా ఊరికి గోల్ఫ్ మైదానం లేని మాట నిజమే. నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక మిత్రుడి వెంట వెళ్ళి ఈ ఆట నేర్చుకున్నాను. ఇప్పుడు మేము నలుగురైదుగురం రెండు మూడు నెలలకొకసారి కారు కట్టించుకుని అక్కడికే వెళ్ళి ఆడి వస్తాము. మిగతా రోజుల్లో సాధన అంతా మా బృందంలోని రైస్‌మిల్లు యజమాని గారి పొలంలోనే. అదీ ఏడాది పొడుగునా కుదరదు. దాళ్వా కోతలయ్యి, గడ్డి కుప్పలకు చేరి, మరమ్మతుల కోసం కాలువలు కట్టేసిన తరువాత, మళ్ళీ సార్వా నారుమడులకు నీరు వచ్చేలోగా దొరికే ఐదారు వారాలే మాకు గోల్ఫ్ కాలం. వరి మోళ్ళ మధ్య నేల నెర్రెలిచ్చి ఉంటుంది. ఆ నెర్రెల్లో పడిన బంతులను చేయి పెట్టి తీయడానికి భయపడి, పాము ఉంటే ఉందని వదిలేసిన రోజులున్నాయి.

కిందటి వేసవిలో ఒక సాయంత్రం ఈ దూరాల మీదనే మాకు వాదన వచ్చింది. మిల్లు యజమాని గారు తాను 260 గజాలు తక్కువ కాకుండా కొడతానన్నారు. విశ్రాంత వైద్యులొకరు తనది 230 అన్నారు. టెక్సస్ నుంచి సెలవు మీద వచ్చిన మిల్లు వారి మేనల్లుడు 290 అని ఎంతో తేలికగా చెప్పాడు. సర్వేయరును కాబట్టి నేను జాగ్రత్తపడి నాది 200 అన్నాను. వైద్యుల మందుచీటీల పుస్తకంలోంచి నాలుగు కాగితాలు చింపి, ఎవరి అంకెను వారి చేతే రాయించి, వాటిని నా చొక్కా జేబులో వేసుకుని, మర్నాడు ఉదయం గొలుసుతో పొలానికి వెళ్ళాను. ఆ గొలుసు గురించి రెండు మాటలు చెప్పాలి. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఆంగ్ల గణితవేత్త రూపొందించిన కొలత అది. మొత్తం 66 అడుగులు, అంటే 22 గజాలు, నూరు లింకులు. క్రికెట్ పిచ్ పొడవు కూడా సరిగ్గా ఒక గొలుసే. పది గొలుసులు ఒక ఫర్లాంగు. ఒక గొలుసు వెడల్పు, ఒక ఫర్లాంగు పొడవు ఉన్న చేను సరిగ్గా ఒక ఎకరం అవుతుంది. ఇంచుమించు నా ఉద్యోగమంతా ఈ మూడు ముక్కల మీదనే నడిచింది.

మనిషికి పది బంతులు. బంతి ఆగినచోట వెదురు గూటం, దానికి కాగితం ముక్క. పదింటినీ లెక్కలోకి తీసుకోవాలని నేను పట్టుబట్టడంతో మొదటి తగవు అక్కడే మొదలైంది. క్లబ్బు బంతి నెత్తిన తగిలి, అది అరవై గజాలు దొర్లుకుంటూ పోయి బోదెలో పడితే, అది డ్రైవ్ కాదు, పొరపాటు అన్నారు మిల్లు యజమాని గారు. పొరపాటైనా మైదానంలో అది ఒక దెబ్బగానే లెక్కకొస్తుంది కదా అన్నాను. చివరకు నా మాటే నెగ్గింది. తేలిన సగటులు ఇవి: మిల్లు యజమాని గారికి 204, వైద్యులకు 188, మేనల్లుడికి 236, నాకు 179. అంటే నలుగురిలో ఎవరమూ మా దూరాన్ని తక్కువగా అనుకోలేదు, అందరమూ ఎక్కువగానే అనుకున్నాము. ఆ ఎక్కువ 21 గజాల నుంచి 56 గజాల దాకా ఉంది. జీవితమంతా దూరాలు కొలిచిన నాకే 21 గజాల తేడా వచ్చిందంటే, ఇది చదువుకో వృత్తికో సంబంధించిన లోపం కాదని నాకు బోధపడింది. పైగా ఆ నేల మాకు ఎంతో ఉపకారం చేసింది. ఎండకు రాయిలా బిగిసిన ఒండ్రు మీద బంతి రెండు మూడు సార్లు ఎగిరి ముప్పై గజాలు దొర్లుతుంది. నీళ్ళు పెట్టి పెంచిన మెత్తని పచ్చిక మీద అందులో సగం కూడా దొర్లదు.

"ఆయ్, మీ గొలుసు సాగిపోయుంటదండీ" అన్నారు మిల్లు యజమాని గారు. ఆయన ఎగతాళికి అన్నా, అందులో శాస్త్రం ఉంది. వాడి వాడి కడియాలు అరిగిన గొలుసు కొంచెం పొడవవుతుంది. పొడవైన గొలుసుతో కొలిస్తే దూరం ఉన్నదానికన్న తక్కువగా తేలుతుంది. అందువల్ల వారి ఎదుటే ఉక్కు టేపు పరిచి సరిచూశాను. గొలుసు మూడు అంగుళాలు సాగిన మాట నిజమే. పది గొలుసులకు ముప్పై అంగుళాలు, అంటే ఒక గజమైనా కాదు. ఆయనకు కావలసినవి 56 గజాలు.

మా నలుగురి లెక్కతో లోకం మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. దీనిని పెద్ద ఎత్తున, ఏళ్ళ తరబడి కొలిచినవారున్నారు. గోల్ఫ్ నియమాలను నిర్ణయించే రెండు సంస్థలు, అంటే స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా ఉన్న ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యు.ఎస్.జి.ఎ., కలిసి ప్రకటించే దూరాల నివేదికలలో బ్రిటన్‌లోని ఔత్సాహికుల కొలతలు కూడా ఉంటాయి. 1996లో అక్కడి పురుషుల సగటు డ్రైవ్ సుమారు 200 గజాలు. 2019లో అది సుమారు 216. ఆ ఇరవై మూడేళ్ళలో క్లబ్బు తల ఉక్కు నుంచి టైటానియానికి మారి, పరిమాణంలో చిన్న సొరకాయంత అయింది. బంతి తయారీ మారింది. వాటి ధరలు ఏమయ్యాయో చెప్పనక్కరలేదు. ఇన్ని మారినా మామూలు ఆటగాడికి దక్కింది పదహారు గజాలు. అవే నివేదికల్లో నైపుణ్యాన్ని బట్టి విడదీసిన అంకెలు కూడా ఉన్నాయి. హ్యాండిక్యాప్ (ఆటగాడి నైపుణ్యాన్ని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట) 6 కన్న తక్కువ ఉన్నవారు, అంటే ఊరికొకరు ఇద్దరు కూడా ఉండనంత మంచి ఆటగాళ్ళు, సగటున 240 గజాలకు అటూ ఇటూ కొడుతున్నారు. హ్యాండిక్యాప్ 13 నుంచి 20 వరకు ఉన్నవారి సగటు 200 దగ్గర, 21 దాటినవారిది 180 లోపు ఉంది. మహిళల సగటు 150 గజాల చేరువలో ఉంది. ఆటగాళ్ళ క్లబ్బులకు అమర్చిన పరికరాల ద్వారా లక్షలాది డ్రైవ్‌లను నమోదు చేసే ఆర్కోస్ అనే సంస్థ లెక్కలో పురుషుల సగటు సుమారు 225 గజాలు. రాడార్‌తో బంతి గమనాన్ని కొలిచే ట్రాక్‌మన్ వారు 14.5 హ్యాండిక్యాప్ ఉన్న సగటు పురుషుడికి ఇచ్చిన అంకె 214. మూడు చోట్ల మూడు రకాల పనిముట్లతో కొలిస్తే వచ్చిన అంకెలు పదకొండు గజాల తేడాలో కలుస్తున్నాయి. మా శాఖలో అయితే ఇంతకన్న మంచి సాక్ష్యం అడగరు.

ఇక నమ్మకం మాటకొస్తే, క్లబ్బుకు అమర్చే గ్రాఫైట్ కాడను (శాఫ్ట్‌ను) కనిపెట్టి, తరువాత యు.ఎస్.జి.ఎ.లో చాలాకాలం సాంకేతిక విభాగానికి అధిపతిగా పనిచేసిన ఫ్రాంక్ థామస్ చెప్పిన మాట ఒకటి ప్రసిద్ధం. సగటు ఆటగాడు 230 గజాలు కొడుతున్నాననుకుంటాడట, నిజానికి కొట్టేది 192 అట. ఈ 192 పై లెక్కల కన్న తక్కువే గానీ, ఇక్కడ చూడవలసింది తేడాను. ఆ తేడా 38 గజాలు. మా పొలంలో తేలిన నాలుగు తేడాలను కలిపి నాలుగుతో భాగిస్తే 43 వచ్చింది. అమెరికా వాళ్ళకన్న మనం ఐదు గజాలు మాత్రమే ఎక్కువ కోతలు కోస్తున్నామని మా వైద్యులు సంతోషపడ్డారు.

ఈ దూరాన్ని మన కళ్ళకు కట్టేలా చెప్పడానికి రాజమహేంద్రవరం ఆర్చి బ్రిడ్జికి మించినది నాకు తోచలేదు. ఆ వంతెనకు 28 కమానులు. ఒక స్తంభం నడుమ నుంచి తరువాతి స్తంభం నడుమకు 97.55 మీటర్లు. రెండు కమానులు కలిపితే 195 మీటర్లు, గజాల్లో 213. కొవ్వూరు వైపు నుంచి సగటు ఔత్సాహికుడు కొట్టిన బంతి రెండో కమాను చివర ఆగుతుందన్నమాట. మీ వ్యాసంలోని 300 గజాలు పోవాలంటే మూడో కమానులో నూటికి ఎనభై పాళ్ళు దాటాలి. 2023లో అమెరికా వృత్తి ఆటగాళ్ళ పోటీల వరుస అయిన పి.జి.ఎ. టూర్‌లో అందరికన్న దూరం కొట్టిన రోరీ మెకిల్‌రాయ్ ఆ ఏటి సగటు 326 గజాలు. అతను మూడు కమానులు దాటించి మరో ఆరు గజాలు పంపాడు. రైల్లో ఆ వంతెన దాటేటప్పుడు మీ విలేకరి కిటికీలోంచి ఒకసారి ఆ మూడు కమానులూ చూస్తే, మన ఊరి పెద్దమనిషి ఎవరైనా ఆదివారం పొద్దున నడుం నొప్పితో లేచి అంత దూరం కొట్టగలడని రాయడానికి చేయి ఆడదు.

వృత్తి ఆటగాళ్ళ అంకెలే మన అంచనాలను చెడగొట్టాయని నా అభిప్రాయం. టీవీలో చూసే ప్రతివాడూ 300 కొడుతుంటే, మనం అందులో మూడు వంతులైనా కొట్టలేమా అనిపిస్తుంది. ఆ మూడు వంతులు మెల్లగా నాలుగో వంతును కూడా మింగేస్తాయి. అయితే ఆ వృత్తి ఆటగాళ్ళకు సైతం 300 మొన్నమొన్న వచ్చిన అంకె. పి.జి.ఎ. టూర్‌లో ఈ లెక్కలు రాయడం మొదలైన 1980లో సగటు 257 గజాల దగ్గర ఉండేది. ఒక పూర్తి ఏడాదికి 300 పైగా సగటు సాధించిన మొదటి ఆటగాడు జాన్ డేలీ, అదీ 1997లో. మొత్తం టూర్ సగటు 300 అంచుకు చేరింది 2023లో. వారు కొలిచే పద్ధతి కూడా నాకు నచ్చింది. ప్రతి రౌండులో రెండు హోల్స్ ఎంచుకుంటారు, అవి ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో ఉండేలా చూస్తారు. ఒకచోట గాలి వెనక నుంచి తోస్తే రెండోచోట ఎదురు కొడుతుంది కనుక గాలి మేలు గాలికే చెల్లిపోతుంది. కోణాలు కొలిచే థియోడోలైట్‌తో ఎడమ ముఖం, కుడి ముఖం రెండూ చదివి సగటు కట్టే మా అలవాటు గుర్తొచ్చి, ఎవరో సర్వేయరే ఈ సలహా ఇచ్చి ఉంటాడనుకున్నాను.

మరి తన చేతి దెబ్బ దూరం తనకే తెలియకపోవడం ఎలా జరుగుతుంది? మొదటిది అడుగుల లెక్క. మనిషి మామూలుగా నడిచే అడుగు రెండున్నర అడుగుల కొలతకు మించదు, గజం మూడడుగులు. బంతి దాకా నడుస్తూ 240 అడుగులు వేసినవాడు 240 గజాలు అంటాడు, అది నిజానికి 200 గజాలు. సరిహద్దు తగవుల్లో అడుగులు వేసి చేను కొలుచుకున్న రైతు కూడా ఇలాగే ఐదో వంతు ఎక్కువ చెప్పేవాడు, తరువాత పక్కవాడు తన భూమి తినేశాడని కచేరీకి వచ్చేవాడు. రెండోది తీసివేత లెక్క. స్కోరు కార్డు మీద ఒక హోల్ 385 గజాలని ఉంటుంది. బంతి గ్రీన్‌కు (గుంట ఉండే నున్నని పచ్చికకు) 150 గజాల దూరం చూపే గుర్తు దగ్గర ఆగితే, 385 నుంచి 150 తీసివేసి 235 అంటాము. కానీ కార్డు మీది దూరాన్ని టీ దగ్గర శాశ్వతంగా పాతిన పలక నుంచి గ్రీన్ నడుమ వరకు, దారి వంపు తిరిగితే ఆ వంపు వెంబడే కొలుస్తారు. ఆ రోజు టీ గుర్తులను పన్నెండు గజాలు ముందుకు జరిపి ఉంటారు. బంతి ఆ 150 గుర్తుకు ఎనిమిది గజాలు వెనకే ఉంటుంది. వంపును అడ్డంగా కోసి కొట్టినందువల్ల మరో పది గజాలు కలిసొస్తాయి. అన్నీ తీసేస్తే మిగిలేది 205. ఆడినవాడు అబద్ధం చెప్పలేదు, కూడికలూ తీసివేతలూ సరిగ్గానే చేశాడు. తీసుకున్న అంకెలే తప్పు.

మూడోది జ్ఞాపకం. మిల్లు యజమాని గారి పది బంతుల్లో ఒకటి 238 గజాలు పోయింది. గాలి వెనక ఉంది, గట్టు మీద పడి ఎగిరింది కూడా. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆయన నోట ఆ ఒక్క బంతి మాటే తప్ప బోదెలో పడినదాని ఊసు లేదు. విశాఖ సముద్రపు గాలి వెనక నుంచి తోసిన దెబ్బ అందరికీ గుర్తుంటుంది. ఎదురుగాలికి చతికిలపడిన దెబ్బను గాలి ఖాతాలో రాసి మరచిపోతాము. వెనకగాలి చేసే మేలు కన్న ఎదురుగాలి చేసే చేటు ఎక్కువని ఆటలోని పెద్దలంతా చెబుతారు, అయినా మన సగటులో మేలు ఒక్కటే మిగులుతుంది. మీటర్లకూ గజాలకూ తేడా మరిచి, 200 మీటర్లంటే 219 గజాలని తెలియక తికమకపడేవారు కూడా ఉన్నారు గానీ, వారి పొరపాటు పెద్దది కాదు.

ఇందులో అందరికన్న ఎక్కువగా నన్ను ఆలోచింపజేసినది మరొకటి. ట్రాక్‌మన్ వారి కొలతల్లో సగటు ఔత్సాహిక పురుషుడు క్లబ్బు తిప్పే వేగం గంటకు 93 మైళ్ళ పైచిలుకు, అంటే 150 కిలోమీటర్లు. అమెరికా మహిళల వృత్తి పోటీల్లో ఆడేవారి సగటు వేగం 94 మైళ్ళు. రెండూ ఒకటే అనవచ్చు. కానీ ఆ మహిళల బంతి గాలిలోనే 218 గజాలు పోతుంది, ఆపైన దొర్లుడు వేరు. మన పురుషుడి బంతి దొర్లుడుతో కలిపి 214. బలం సమానమే. వారు క్లబ్బు నడిమధ్యన బంతిని తాకిస్తారు, క్లబ్బు పైకి లేస్తున్నప్పుడు తాకిస్తారు. మనం అంచున తాకించి, పైనుంచి కిందికి నరికినట్టు కొడతాము. కాబట్టి మగవాడి డ్రైవ్ అంటే 250 ఉండాలి అనే మాటలో మగతనం పాలు తప్ప లెక్క పాలు లేదు. మన దేశపు అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, వెంట్రుకవాసిలో పతకం పోగొట్టుకున్న సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ పోటీలో డ్రైవ్ దూరంలో వెనకబడిన వారిలో ఆమె ఒకరు. గ్రీన్ మీద ఆమె పుట్టింగ్ (బంతిని గుంటలోకి దొర్లించడం) చూసి దేశమంతా తెల్లవారుజామున టీవీల ముందు కూర్చుంది.

తప్పుడు అంకె వల్ల నష్టమేమిటని మీరు అడగవచ్చు. తన దూరం 250 అనుకునేవాడు 220 గజాల అవతల ఉన్న నీటిగుంటను దాటించబోయి అందులోనే వేస్తాడు. డ్రైవ్ విషయంలో అలా అనుకునేవాడు మిగతా క్లబ్బుల విషయంలోనూ అలాగే అనుకుంటాడు గనుక గ్రీన్‌కు కొట్టిన ప్రతి దెబ్బా ముందే పడిపోతుంది. నేను విశాఖలో చూసినంతవరకు గ్రీన్ అవతలకు పోయిన బంతులకన్న ఇవతల ఆగినవి ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంకా పెద్ద నష్టం, ఎక్కడి నుంచి ఆట మొదలుపెట్టాలనే ఎంపికలో జరుగుతుంది. ప్రతి మైదానంలోనూ వెనక, మధ్య, ముందు అని టీలు వేరువేరుగా ఉంటాయి. 2011లో అమెరికాలో గోల్ఫ్ సంఘాలు ముందు టీల నుంచి ఆడండని ఒక ప్రచారం చేపట్టి, డ్రైవ్ దూరాన్ని బట్టి మైదానం మొత్తం పొడవు ఎంత ఉండాలో సూచించాయి. 250 గజాలు కొట్టేవాడికి 6,200 నుంచి 6,400 గజాల మైదానం. 225 కొట్టేవాడికి 5,800 నుంచి 6,000. 200 కొట్టేవాడికి 5,200 నుంచి 5,400. ఆ లెక్కన మా మిల్లు యజమాని గారు 5,400 గజాల టీల నుంచి ఆడవలసినవారు. ఆయన ఆడేది వెనక టీల నుంచి. ముందు టీలను "ఆడవాళ్ళ టీలు" అని పిలిచే పాడు అలవాటు పోనంతవరకు ఆయన అక్కడికి రారు. ఆ మొండితనానికి మూల్యం మా వెనక వచ్చే బృందం ఎండలో నిలబడి చెల్లిస్తుంది.

బంతి నియమాల మార్పు గురించి ఒక్క మాట. బంతి మరీ దూరం పోతున్నదని పై రెండు సంస్థలు 2023 డిసెంబరులో కొత్త పరీక్షా ప్రమాణాన్ని ప్రకటించగానే మా బృందంలో గగ్గోలు పుట్టింది. అతి వేగంగా కొట్టే వృత్తి ఆటగాళ్ళకు 13 నుంచి 15 గజాలు తగ్గుతుందనీ, మామూలు ఆటగాళ్ళకు ఐదు గజాలకు మించి తగ్గదనీ ఆ ప్రకటనలోనే ఉంది. మా వాళ్ళు పొలంలో పోగొట్టుకున్న గజాల ముందు ఈ ఐదు గజాలు ఏ మూలకు?

ఆట ఆనందం కోసం గానీ గొలుసులు వేసుకోవడానికి కాదు కదా అని నన్ను మందలించినవారున్నారు. మనిషి తన సరదా కోసం తన గురించి కొంచెం ఎక్కువ చెప్పుకుంటే తప్పు పట్టే వయసు నాది కాదు. పులస పులుసు తిన్నవారు ఆ చేప బరువెంతో చెప్పేటప్పుడు నేను తక్కెడ తెమ్మని అడగను. పత్రికలో అచ్చయిన అంకె సంగతి వేరు. మా పొలానికి సాయంత్రం పూట వచ్చి బంతులు ఏరిపెట్టే ఒక డిగ్రీ కుర్రవాడు నా పాత క్లబ్బుతో ఆట నేర్చుకుంటున్నాడు. ఇప్పటికే 210 గజాలు నిలకడగా కొడుతున్నాడు. మీ వ్యాసం చదివి మర్నాడు, "తాతగారూ, నేను ఇంకా చాలా వెనకబడి ఉన్నానండీ" అని దిగాలుగా అన్నాడు. ఆ వయసులో, ఆ క్లబ్బుతో, గురువు లేకుండా వాడు కొడుతున్నది లోకం సగటుకు చేరువైన దూరమని నేను చెబితే నమ్మలేదు. పేపర్లో వేశారు కదా అన్నాడు. నమ్మించడానికి నేను గొలుసు తీసి, వాడి గూటం దాకా వాడి చేతే లాగించవలసి వచ్చింది.

అందువల్ల మీకు నా మనవి ఒక్కటే. గోల్ఫ్ దూరాలను ప్రచురించేటప్పుడు అది వృత్తి ఆటగాళ్ళదో మామూలు ఆటగాళ్ళదో, బంతి గాలిలో పోయిన దూరమో దొర్లుడుతో కలిపినదో, ఒక మంచి దెబ్బ తాలూకుదో అన్ని దెబ్బల సగటో, ఎవరు కొలిచారో చూసి వేయండి. మేము సర్వే పటాల మీద స్కేలు, దిక్కు, తేదీ, కొలిచినవాడి సంతకం లేకుండా ఒక గీత కూడా గీసేవాళ్ళం కాదు.

జూన్ నెలలో ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీరు వదులుతారు. అది మా పొలానికి చేరి దమ్ములు మొదలయ్యేలోగా మీ క్రీడా విలేకరి ఒక సాయంత్రం ఇటు వస్తే, పది బంతులు ఇస్తాము. అంకె ముందే కాగితం మీద రాసి నా చేతికివ్వాలి. గూటాలు, గొలుసు నా దగ్గరే ఉన్నాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత సర్వేయరు,
అమలాపురం దగ్గరి గ్రామం, కోనసీమ.